వీగో రేవు నుంచి తెచ్చిన డబ్బా

మన పత్రికలో యాత్రల గురించి చాలామంది రాశారు. పండరిపురం, తుల్జాపూర్, శ్రీశైలం, యాదగిరిగుట్ట... ఎవరు పోయి వచ్చినా నాలుగు మాటలు రాస్తారు, మనమంతా చదువుతాం. నేను రాసేది దేవుడి యాత్ర కాదు. ఓడ ఇంజిన్ చెడిపోయి పన్నెండు రోజులు ఆగిపోయిన ఒక ఊరి సంగతి. ఆ ఊళ్లో కొన్న ఒక చిన్న రేకు డబ్బా సంగతి.

నేను వర్లీ చాళ్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. మా తాత పాలమూరు నుంచి కూలికి బొంబాయి వచ్చాడు. మా నాయిన మిల్లులో సాంచాల మీద పనిచేశాడు. నేను ఐ.టి.ఐ.లో ఫిట్టర్ కోర్సు చేసి, నాలుగు చోట్ల తిరిగి, చివరికి సరుకు ఓడల్లో ఇంజిన్ ఫిట్టర్‌గా కుదిరాను. ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ల మీదే. చాలా రేవులు చూశాను అంటారు గాని, మేం చూసేది క్రేన్లు, కంటైనర్లు, గేటు బయట ఒక ఫోన్ కార్డుల దుకాణం. అంతే. వీగో మాత్రం అట్లా కాలేదు.

వీగో స్పెయిన్ దేశంలో వాయవ్య మూలన, పోర్చుగల్‌కు కాస్త పైన ఉంటుంది. ఆ ప్రాంతం పేరు గలీసియా. అక్కడ అట్లాంటిక్ సముద్రం చేతివేళ్లలాగా కొండల మధ్యకు చొచ్చుకొని వస్తుంది. ఒక్కొక్క వేలును 'రీయా' అంటారు. వీగో రీయా మూతి దగ్గర సీయెస్ దీవులు అడ్డంగా నిలబడి పెద్ద అలలను ఆపుతాయి. అందుకే లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. వాన తెరిపి లేకుండా పడుతుంది. ఇళ్లన్నీ బూడిద రంగు రాతివి. యూరప్‌లో పెద్ద చేపల రేవుల్లో వీగో ఒకటి. తెల్లవారక ముందే వేలంపాటల కేకలు, మంచుగడ్డల చప్పుడు. ససూన్ డాక్ వాసన తెలిసినవాళ్లకు అది కొత్త ఊరనిపించదు.

మరమ్మతుకు సామాను రావాలి, రోజులు పడుతుందన్నారు. రెండో రోజు సాయంత్రం నేను, మా ఓడ ఏజెంటు దగ్గర బండి నడిపే కుర్రాడు ఊళ్లోకి పోయాం. ఆ అబ్బాయికి ఇంగ్లీషు బాగా వచ్చు. పాత బజారులో ఒక దుకాణం ముందు ఆగిపోయాను. అద్దాల వెనక, మన దాదర్‌లో చీరలు పేర్చినట్టు, రంగురంగుల రేకు డబ్బాలు పేర్చి ఉన్నాయి. లోపల ఇంకేమీ లేదు. సార్డీన్ చేపలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్, రకరకాల గుల్లలు, అన్నీ డబ్బాల్లోనే. అరచేతిలో పట్టే ఒక కోలడబ్బా తీసి ధర చూశాను. పది యూరోలు. ఆ రోజు లెక్కన తొమ్మిది వందల రూపాయల పైనే.

నేను దాన్ని నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కి పెట్టేశాను. డబ్బా తిండి అంటే మనకేం తెలుసు? తాజాది దొరకనప్పుడు తినేది. ఓడలో కూరగాయలు అయిపోయాక వంటవాడు తీసేది. ఆ మాటే అన్నాను. కుర్రాడు నవ్వాడు.

"మా దగ్గర అట్లా కాదు సార్. ఇంటికి మంచి చుట్టం వస్తే ఇది తెరుస్తాం. పండగపూట తెరుస్తాం. పక్కన రొట్టె, నిమ్మకాయ, అంతే. వండేది లేదు."

డబ్బా మీద ఏం రాసుందో చదివి చెప్పాడు. 'నవాహాస్ అల్ నతురాల్.' అంటే నవాహాలు, నూనె మసాలా లేకుండా ఉప్పునీళ్లలో ఉన్నవి. మొత్తం బరువు 111 గ్రాములు. నీళ్లు వంపేస్తే 63 గ్రాములు. ఇంకో మూల '4/6' అని ఉంది. అదేమిటి అన్నాను. లోపల నాలుగు నుంచి ఆరు ముక్కలు ఉంటాయని అర్థం. అంకె ఎంత చిన్నదైతే ముక్క అంత పెద్దది, ధర అంత ఎక్కువ.

ఆరు ముక్కలకు తొమ్మిది వందలా! నా ముఖం చూసి కుర్రాడు, "మా అవోఆ ఇవే పేర్చేది, చాలా ఏళ్లు. ఆదివారం మీకు పని లేకపోతే రండి, ఆమెనే అడుగుదురు గాని" అన్నాడు.

వాళ్ల భాషలో 'అవోఆ' అంటే నానమ్మ, అమ్మమ్మ. మన 'అవ్వ' చెవిలో పడినట్టే ఉంది. నేను ఇంకేమీ అడగకుండా సరే అన్నాను.

ముందు ఈ నవాహా ఏమిటో చెప్పాలి. స్పానిష్‌లో ఆ మాటకు మడిచే కత్తి అని అర్థం. గడ్డం గీసే పాతకాలపు కత్తిని మూసి పెడితే ఎట్లా ఉంటుందో ఈ గుల్ల అట్లా ఉంటుంది. జానెడు పొడుగు, వేలెడు వెడల్పు, రెండు సన్నటి చిప్పలు. లోపల పొడుగాటి తెల్లటి మాంసం. వర్లీ కోలివాడలో మనం కొనే తిసర్యాలకు ఇది దూరపు చుట్టం. ఇసుకలో అడ్డంగా పడి ఉండదు, నిట్టనిలువునా దిగబడి ఉంటుంది. పైన చిన్న రంధ్రం ఒక్కటే కనబడుతుంది. అలికిడైతే చాలు, సర్రున కిందికి జారిపోతుంది. సముద్రం వెనక్కి పోయినప్పుడు ఆ రంధ్రంలో ఉప్పు పోస్తే ఉప్పదనం తట్టుకోలేక పైకి లేస్తుంది, అప్పుడు పట్టుకుంటారు. లోతు నీళ్లలోవాటి కోసం మనుషులు మునుగుతారు. కొందరు గాలిగొట్టం పెట్టుకొని, కొందరు ఊపిరి బిగబట్టి. చల్లటి అట్లాంటిక్ అడుగున, ఇసుక మీద పాకుతూ, ఒక్కొక్క దాన్ని చేత్తో లాగాలి. పది సెంటీమీటర్లకు తక్కువ ఉంటే చట్టప్రకారం పట్టకూడదు.

ఆదివారం పడవలో కాంగస్ పోయాం. వీగోకు ఎదురుగా, రీయా అవతలి ఒడ్డు. ఇరవై నిమిషాలు. దారిలో నీళ్ల మీద పెద్ద పెద్ద కట్టె తెప్పలు లంగరు వేసి ఉన్నాయి. వాటికి తాళ్లు కట్టి ఆల్చిప్పలు పెంచుతారట. కాంగస్ దగ్గర పడుతుండగా కుర్రాడు ఒడ్డున ఒక పెద్ద కట్టడం చూపించాడు. పొడుగ్గా, తెల్లగా, కిటికీలు పగిలి ఖాళీగా ఉంది.

"మస్సో వాళ్ల ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఈ తీరమంతా దాని మీదే బతికింది" అన్నాడు.

మస్సో కుటుంబం 1816లో పక్క ఊరు బుఎవులో చేపలు ఉప్పుపట్టే వ్యాపారం మొదలుపెట్టింది. 1883లో డబ్బాల ఫ్యాక్టరీ పెట్టింది. కాంగస్‌లో ఈ పెద్ద ఫ్యాక్టరీ 1940ల మొదట్లో కట్టారు. 1990లలో మూతపడింది. నేను పడవ అంచు పట్టుకొని దాన్నే చూస్తూ ఉండిపోయాను. లోయర్ పరేల్ వంతెన మీంచి మూతపడ్డ మిల్లులు చూస్తూ బడికి పోయిన పిల్లలకు ఆ కిటికీలు కొత్త కాదు. మన దగ్గర ఆ జాగాల్లో మాల్‌లు, టవర్లు లేచాయి. ఇక్కడ గోడలు ఇంకా నిలబడి సముద్రం వైపు చూస్తున్నాయి.

అవ్వకు ఎనభై దాటాయి. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. ఆమె మాట్లాడేది స్పానిష్ కాదు, గలీసియా వాళ్ల సొంత భాష. ఫ్రాంకో అనే నియంత కాలంలో బళ్లలో ఆ భాష లేదు. ఇంట్లో ఒకటి, బయట ఒకటి. 1981 నుంచి స్పానిష్‌తో సమానంగా అదీ అధికార భాష అయింది. మనవడు ఆమె మాటలు నాకు ఇంగ్లీషులో చెప్పేవాడు. నాది బొంబాయి అయినా నా భాష వేరని, ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ అని చెప్తే ఆమె తలూపింది. ఆమె ఇద్దరు మేనమామలు బతుకుతెరువుకు అర్జెంటీనా పోయారట. అక్కడ స్పెయిన్‌లో ఏ మూల నుంచి వచ్చినవాణ్ణైనా 'గల్యేగో' అనే పిలుస్తారట, గలీసియావాడు అని. మమ్మల్ని బొంబాయిలో 'కామాఠీ' అన్నట్టే అన్నాను. కామాఠీపురా పేరు మనవాళ్ల వల్లే వచ్చిందని చెప్పాను. ఆమె నవ్వి, "కష్టం చేసేవాడికి సొంత పేరు ఎవరు పెడతారు నాయనా" అంది.

తర్వాత పని గురించి చెప్పింది. పద్నాలుగో ఏట ఒక డబ్బాల ఫ్యాక్టరీలో చేరింది. పడవలు చేపలతో వస్తే ఫ్యాక్టరీ కూత వేసేది. పగలా రాత్రా అని లేదు. "చేప మన గడియారం చూసి రాదు కదా." కూత వినబడగానే ఆడవాళ్లు చీకట్లో చెప్పులు చప్పుడు చేసుకుంటూ పరుగెత్తేవాళ్లు. సరుకు ఉంటే పని, లేకపోతే ఇల్లు. ఇప్పటికీ అక్కడి చట్టంలో ఆ రకం పనివాళ్లకు ఒక పేరుంది, 'ఫిహాస్ దిస్కొంతినువాస్'. ఉద్యోగం పర్మనెంటే, కాని విడతలు విడతలుగా పిలుస్తారు. మన బదిలీవాళ్లు గుర్తొచ్చారు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, పర్మనెంటు మనిషి రాకపోతేనే ఆ రోజు పని. మా నాయిన అట్లానే మొదలుపెట్టాడు.

నవాహా పని ఎట్లా చేస్తారో ఖాళీ బల్ల మీద చేతులతోనే చూపించింది. ముందు శుభ్రమైన సముద్రపు నీళ్లలో ఉంచి ఇసుక కక్కిస్తారు. కడిగి వేడి తగిలిస్తే చిప్పలు విచ్చుకుంటాయి. మాంసం తీసి, పొట్టలో మిగిలిన ఇసుక, నల్లటి భాగం ఒక్కొక్క దాని నుంచి చేత్తో తీస్తారు. ఒక్క రేణువు మిగిలినా తినేవాడి పంటికింద పడుతుంది, డబ్బా పేరు పోతుంది. పొడుగును బట్టి ఏరాలి. అప్పుడు పేర్చాలి. ఇవి సార్డీన్లలా బిగుసుగా ఉండవు, మెత్తగా జారుతాయి, ఒక్కొక్కటి ఒక్కో వంకర తిరిగి ఉంటుంది. లాగితే తెగుతాయి. తెగినది ఆ డబ్బాలోకి పనికిరాదు. ఉప్పునీళ్లు పోసి మూత బిగించి ఆటోక్లేవ్‌లో పెడతారు. ఆ ఒక్క మాట నాకు వివరించనక్కర్లేదు. ఆటోక్లేవ్ అంటే గదంత ప్రెషర్ కుక్కర్. ఆవిరి ఒత్తిడితో మరుగునీటి కన్నా ఎక్కువ వేడి ఎక్కిస్తుంది. గాలి చొరకుండా మూసి, లోపలి క్రిములను ఆ వేడితో చంపితే వస్తువు ఏళ్లు నిలుస్తుంది. సీసాల్లో ఈ పద్ధతి కనిపెట్టినవాడు నికొలా అపేర్ అనే ఫ్రెంచి వంటవాడు. 1810లో ఫ్రాన్స్ ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులు బహుమతి ఇచ్చింది.

"వేడి పని యంత్రానిది. వరుస పని మాది" అంది అవ్వ. మంచి రకం డబ్బాల్లో ఇప్పటికీ చేత్తోనే పేరుస్తారు. ఆ 63 గ్రాముల ధర నాకు అప్పుడు లెక్క కుదిరింది. నీటి అడుగున ఒక చెయ్యి, బల్ల మీద ఒక చెయ్యి.

ఆమె ఒక డబ్బా తెరిచింది. నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండింది. తిన్నాను. తియ్యగా, కొంచెం ఉప్పగా, నమిలితే సాగుతూ. కారం లేని తిండి నాకు రుచించదు, కాని ఇది వేరు. అడుగున మిగిలిన నీళ్లలో ఆమె రొట్టె ముక్క ముంచి ఇచ్చింది. అదే అన్నిటికన్నా బాగుంది.

అప్పుడు అడిగింది. "మీ నాన్న మిల్లులో ఏం చేసేవాడు?"

"సాంచాల మీద" అన్నాను.

"ఎన్ని సాంచాలు చూసేవాడు? ఏం బట్ట నేసేవాడు?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నాకు తెలియదు. నలభై దాటినవాణ్ణి, నాకు తెలియదు. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు నాకు నాలుగేళ్లు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. అది అట్లా ఇంకిపోయింది. మా నాయినను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. రావాల్సిన డబ్బుల్లో సగం చేతికి రాలేదు. తర్వాత వాచ్‌మన్‌గా చేశాడు. ఇంట్లో మిల్లు మాట ఎత్తేవాడు కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. అడిగితే బాధపడతాడనుకున్నాం. లేదా, అడగకపోవడం మాకే సులువుగా ఉంది.

ముసలామె తన పని ఒక్కొక్క కదలికగా చెప్పింది. నేను మా నాయిన పని గురించి రెండో మాట చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

ఆ వారమే ఇంకో రెండు చూశాను. మంగళవారం సముద్రం వెనక్కి తగ్గిన వేళ, మొఆన్య అనే ఊరి దగ్గర, వందల ఆడవాళ్లు రబ్బరు బూట్లతో బురదలో వంగి దంతెలతో గుల్లలు ఏరుతున్నారు. దూరం నుంచి మన ఊళ్లో నాట్లు వేస్తున్నట్టే ఉంది. ఎవరు పడితే వాళ్లు ఏరకూడదు. లైసెన్సు ఉండాలి. మనిషికి రోజుకు ఇంత అని కొలత ఉంటుంది. సముద్రంలో విషపు నాచు పెరిగితే పరీక్ష చేసి ఆ చోటు మూసేస్తారు. మూసినన్నాళ్లు ఆదాయం లేదు. 2002 నవంబరులో ప్రెస్టీజ్ అనే ఆయిల్ ఓడ గలీసియా ఎదుట రెండుగా విరిగి మునిగిపోయింది. తీరమంతా నల్లటి నూనె. ఈ ఏరుడు పని, చేపల పని ఆగిపోయాయి. ఆ నూనెను తట్టలతో, గంటెలతో, చేతులతో ఎత్తిపోసినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. నేను ఓడ ఇంజిన్‌లో పనిచేసేవాణ్ణి. ఆ మాట విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత బస్సెక్కి బుఎవు పోయాను. మస్సో వాళ్ల పాత జాగాలో ఇప్పుడు మ్యూజియం ఉంది. డబ్బాల మీది రంగు కాగితాలు, మూతలు బిగించే యంత్రాలు, ఫోటోలు. తెల్ల ఏప్రన్లు కట్టుకున్న ఆడవాళ్లు పొడుగాటి బల్లల ముందు వరుసగా నిలబడి ఉన్నారు. చేపకంపు కొట్టే పని. అయినా అద్దాల పెట్టెలో పెట్టి, దీపం వేసి చూపిస్తున్నారు. ఎవరో వాటిని దాచారు కాబట్టే కదా నేను చూశాను.

ఓడ కదిలే ముందు రోజు ఆ దుకాణానికి పోయి, పది యూరోలు ఇచ్చి, '4/6' డబ్బా ఒకటి కొన్నాను.

ఇంట్లో అది పెద్ద గొడవే అయింది. "గింత డబ్బాకు తొమ్మిది వందలా? కోలివాడల తిసర్యాలు వాటా కొంటే ఇంటిల్లిపాదికి కూరైతది! నీకు ఎవడో టోపీ పెట్టిండు" అంది అమ్మ. మా ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. నాయిన మాత్రం ఏమీ అనలేదు. డబ్బా తీసుకుని తనే రింగు లాగి మూత తెరిచాడు. కిటికీ దగ్గరకు పోయి వెలుతురులో పట్టి చూశాడు. తినే వస్తువును చూసినట్టు కాదు, పని చూసినట్టు.

"ఐదున్నయ్" అన్నాడు. "ఒక్కటి తెగలె. కొసలన్నీ ఒక్క తీరుగ కలిపిన్రు. ఎవలో పనిమంతురాలు."

"ఆడోళ్లే పేర్చిన్రని నీకెట్ల తెలుసు నాయినా?"

"చెయ్యి తెలుస్తది రా."

నేను అవ్వ సంగతి చెప్పాను. ఆమె అడిగిన ప్రశ్న చెప్పాను. జవాబు చెప్పలేకపోయానని కూడా చెప్పాను. నాయిన డబ్బా కింద పెట్టాడు. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

"రెండు సాంచాలు. ధోతి బట్ట. తర్వాత పాప్లిన్..." నాడెలో దారం ఎక్కించేటప్పుడు కంట్లోంచి నోటితో ఎట్లా పీల్చేవాళ్లో, ఎంత దూది లోపలికి పోయేదో చెప్పాడు. పడుగు పోగు తెగితే ఆ హోరులో చూడకుండానే ఎట్లా తెలిసేదో చెప్పాడు. సాంచా నడక మారుతుందట, అది కాళ్లకు తెలుస్తుందట. తన టికెట్ నంబరు అడిగితే, నలభై ఏళ్ల తర్వాత, గుక్క తిప్పకుండా చెప్పాడు. చెప్తుంటే అతని చేతులు గాలిలో పోగు ముడివేస్తున్నాయి. అచ్చం అవ్వ ఖాళీ బల్ల మీద చూపించినట్టు. నేను ఫోన్ తీసి రికార్డు చేశాను. రాత్రి పన్నెండు దాటింది.

మీ ఇంట్లో సాంచాల మీద, రింగుల మీద, బీడీల చాట ముందు, రంగు తొట్ల దగ్గర పనిచేసిన పెద్దలు ఉంటే, ఎన్ని సాంచాలు, ఏం బట్ట, ఎన్ని వేల బీడీలు అని అడగండి. బాధపడతారని ఊరుకోకండి. మా ఇంట్లో బాధపడింది అడగని రోజుల వల్లనే అని నాకు ఆలస్యంగా తెలిసింది.

నవాహాలు తలా ఒకటి తిన్నాం. అమ్మ నిమ్మకాయతో పాటు కారం కూడా చల్లింది. పొద్దున లేచి చూస్తే డబ్బా కడిగి తుడిచి గూట్లో ఉంది. లోపల నాయిన మిల్లు ఇత్తడి బిల్లా. ఇన్నేళ్లు అది ఇంట్లో ఉందనే నాకు తెలియదు.

డబ్బా ఎందుకు పారేయలేదని అమ్మను అడిగాను.

"తొమ్మిది వందల డబ్బా, పారేస్తమా?" అంది.